మంచం పక్కనే ఉండి ఎదగలేమా? తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న జీఎన్‌ఎం నర్సుకు ఏ దారి మంచిది?

పల్నాటి_సిస్టర్:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లెటూరు. 2015లో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేశాను. ఆ మరుసటి ఏడాది నుంచి గుంటూరులో 200 పడకలకు పైగా ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. అందులో ఏడేళ్లు మెదడు, నరాల రోగులుండే న్యూరో ఐసీయూలోనే గడిచాయి. వయసు 31. ఇద్దరు పిల్లలు. మా ఆయన లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. నా జీతం 24,000.

పోయిన నెలలో మా యూనిట్‌కు కొత్త ఇన్‌చార్జి సిస్టర్‌ను వేశారు. ఆ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి రెండేళ్లయింది. మంచి పిల్ల, పనిమంతురాలు. ధమనిలో గొట్టం పెట్టి బీపీ కొలిచే ఆర్టీరియల్ లైన్‌ను జీరో చేయడం తనకు నేర్పింది నేనే కనుక ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. అయితే నన్ను ఎందుకు పరిగణించలేదని హెచ్‌ఆర్‌లో అడిగితే, ఇకపై ఇన్‌చార్జికి డిగ్రీ తప్పనిసరి అన్నారు, అంతకుమించి మాట్లాడలేదు.

అదే నెలలో ఒక రాత్రి మూడు గంటలప్పుడు ఆరో బెడ్‌లో ఉన్న పెద్దాయన కళ్లలో టార్చి వేసి చూస్తే, ఎడమ కంటిపాప కుడిదానికంటే పెద్దదిగా కనిపించింది. స్పృహను కొలిచే జీసీఎస్ స్కోరు గంట క్రితం 13 ఉన్నది 9కి పడింది. మానిటర్‌లో బీపీ, పల్స్ ఇంకా మామూలుగానే ఉన్నాయి. వెంటనే డ్యూటీ డాక్టరు గారిని లేపాను. సీటీ తీశారు, తెల్లవారేసరికి ఆపరేషన్ జరిగి రక్తపు గడ్డ బయటికి వచ్చింది. ఆయన పది రోజుల తరువాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లారు. ఈ చూపు తొమ్మిదేళ్ల పనిలో వచ్చింది. దీనికి ఏ కాగితం మీదా విలువ లేదా అన్నది నా బాధ.

నాకు రోగి దగ్గర పనిచేయడమే ఇష్టం. ఇప్పుడు పోస్ట్ బేసిక్ (జీఎన్‌ఎం తరువాత బీఎస్సీ డిగ్రీ ఇచ్చే కోర్సు) చదవాలా, ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నించాలా, జర్మనీ వెళ్లడానికి జర్మన్ నేర్చుకోవాలా, ఇంకేదైనా కోర్సు చేయాలా? ఈ దారుల్లో నడిచినవారు తమకు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబితే మేలు చేసినవారవుతారు.

కర్నూలు_మేడమ్:

అమ్మా, నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్-1గా పదవీ విరమణ చేశాను. ప్రభుత్వ దారి గురించి నాకు తెలిసినంత చెబుతాను.

మన దగ్గర వరుస ఇది: స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, ఆ పైన సూపరింటెండెంట్ గ్రేడ్-2, గ్రేడ్-1. తెలంగాణలో 2023లో పేర్లు మార్చి స్టాఫ్ నర్సును నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. పేరు మారినా మెట్లు అవే. జోన్‌లో సీనియారిటీ జాబితా కదిలితేనే మనం కదులుతాం. స్టాఫ్ నర్సు పోస్టులు వందల్లో ఉంటే హెడ్ నర్సు పోస్టులు పదుల్లో ఉంటాయి. నాకు మొదటి ప్రమోషన్ 22 ఏళ్లకు వచ్చింది. ఈ లోపల జీతం ఆగిపోకుండా 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసుకు జీతం పెంచే స్కేళ్లు కాపాడతాయి. హోదా మారకపోయినా ఆ స్కేళ్ల వల్ల ఇల్లు గడుస్తుంది, పెద్ద ఆసరా. అయితే 12 ఏళ్ల స్కేలు రావాలంటే పై పదవికి కావలసిన అర్హతలు ముందే ఉండాలన్నది చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు.

ఇక నీ అసలు ప్రశ్నకు వస్తాను. హెడ్ నర్సునైన రోజున నాకు ఒక బీరువా తాళంచెవులు, స్టాకు రిజిస్టరు, ఇండెంటు పుస్తకం, డ్యూటీ రోస్టరు అప్పగించారు. ఆ తరువాత నేను రోగికి ఐవీ పెట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన వ్యవస్థలో ప్రమోషన్ అంటే రోగికి దూరం జరగడమే. మంచి చేతిని మంచం దగ్గర ఉంచి, పై హోదా, పై జీతం ఇచ్చే మెట్టు మన సర్వీసు నిబంధనల్లో లేదు. నా సర్వీసంతా నేను చూసిన అతి పెద్ద లోటు ఇదే.

అలాగని ప్రభుత్వ ఉద్యోగాన్ని వదులుకోకు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి నోటిఫికేషన్లలో వందలో అర్హత కోర్సులో వచ్చిన మార్కులకు 75, పాసైన తరువాత గడిచిన ప్రతి ఏడాదికీ ఒకటి చొప్పున 10 వరకు, ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 15 వరకు కేటాయించారు. 2015లో పాసయ్యావు కనుక ఆ పది నీకు దాదాపు నిండినట్టే. తెలంగాణలో మెడికల్ బోర్డు 2022 చివరలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు రాత పరీక్షకు 80, ప్రభుత్వ సేవకు 20 పెట్టారు, వయోపరిమితి 44. ఆ స్కేలు 36,750తో మొదలవుతుంది. వయసు దాటిపోయిందన్న దిగులు నీకు అక్కర్లేదు.

నైట్‌డ్యూటీ_బ్రదర్:

మేడమ్ గారి మాటలకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల సంగతి కలుపుతాను. నేను ఎయిమ్స్ నర్సుల నియామక పరీక్ష నార్‌సెట్ రాసి ఉత్తరాదిలోని ఒక ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్‌గా చేరాను. 2020లో మొదలైన ఈ పరీక్ష ద్వారా మంగళగిరి, బీబీనగర్‌తో సహా దేశంలోని ఎయిమ్స్‌లలో నియామకాలు జరుగుతాయి. మూలవేతనం 44,900. డీఏ, ఇతర అలవెన్సులు దానికి అదనం.

అక్కా, మీరు జీఎన్‌ఎం కనుక రిజిస్ట్రేషన్‌తో పాటు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం చూపాలి. అది మీకు ఉంది. సాధారణ వయోపరిమితి 30, ఓబీసీలకు 33. మీరు బీసీ అయితే ఇంకా రెండేళ్లు చేతిలో ఉన్నాయి. అయితే మన తహసీల్దారు ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం అక్కడ చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. నా స్నేహితుడు ఎంపికై కూడా ఈ ఒక్క కాగితం కోసం పదిహేను రోజులు నిద్ర లేకుండా తిరిగాడు. పోస్టుల్లో 80 శాతం మహిళలకే కేటాయించారు కనుక మాలాంటివారికన్నా మీకే అవకాశాలు ఎక్కువ.

ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు ఇస్తారు, తప్పు సమాధానానికి మూడో వంతు మార్కు పోతుంది. ఐసీయూ అనుభవం ఉన్నవారికి క్రిటికల్ కేర్, ఫార్మకాలజీ ప్రశ్నలు తేలికగానే ఉంటాయి. మనల్ని పడగొట్టేవి మొదటి ఏడాదిలో చదివి మరిచిపోయిన న్యూట్రిషన్, కమ్యూనిటీ హెల్త్, మానసిక వైద్యం. నేను నైట్ డ్యూటీ దిగగానే, టిఫిన్ వేళ వరకు ఆగకుండా, హాస్టల్ మెట్ల మీద కూర్చుని రోజుకు 50 ప్రశ్నలు చేసేవాడిని. పడుకుంటే మళ్లీ పుస్తకం తీయనని నాకు తెలుసు.

రైల్వే నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. అక్కడ మొదటి పోస్టు పేరే నర్సింగ్ సూపరింటెండెంట్ కావడంతో, అది మనకు కాదులే అని అనుభవం తక్కువ ఉన్నవారు దరఖాస్తు చేయకుండా వదిలేస్తున్నారు. జీతం అదే 44,900. అయితే రైల్వేలో జీఎన్‌ఎంకో బీఎస్సీకో ఏది అడిగారో ప్రకటన పూర్తిగా చదివాకే ఫీజు కట్టండి.

తరగతిగది:

నేను నర్సింగ్ కళాశాలలో బోధిస్తున్నాను. పోస్ట్ బేసిక్ బీఎస్సీ గురించి స్పష్టంగా ఒక మాట చెప్పాలి. అది రెండేళ్ల కోర్సు. రోజూ కళాశాలకు వెళ్లి, క్లినికల్ పోస్టింగులు చేసి చదవవలసిన చదువు. ఉద్యోగం మానకుండా, తరగతులకు రాకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామని చెప్పే చోట్లకు దయచేసి వెళ్లకండి. మా దగ్గరికి ఎమ్మెస్సీలో చేరడానికి వచ్చిన ఒక సిస్టర్ అలాంటి సర్టిఫికెట్‌నే తెచ్చారు. ఆమె పనిచేస్తున్న ఊరికి, చదివినట్టు చూపిన ఊరికి ఆరు వందల కిలోమీటర్ల దూరం. హాజరు తేదీలూ, ఆస్పత్రి ఇచ్చిన అనుభవ పత్రం తేదీలూ ఒకదాని మీద ఒకటి పడటంతో ఆమె నిజమైన అనుభవం కూడా సందేహంలో పడింది. కూర్చుని ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

డిగ్రీ ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయన్నది నిజం. ఇన్‌చార్జి పదవి, పల్లె క్లినిక్కుల ఉద్యోగాలు, బోధన, ఎమ్మెస్సీ, అన్నిటికీ అదే మొదటి మెట్టు. ఎమ్మెస్సీకి 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. పోస్ట్ బేసిక్ చదివినవారికి ఆ అనుభవం కోర్సుకు ముందుదైనా చెల్లుతుంది. అందుకే మార్కుల విషయంలో రెండేళ్లూ అశ్రద్ధ చేయకూడదు.

పల్నాటి_సిస్టర్ గారికి నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే కోర్సు గురించి. ఇది రెండేళ్ల రెసిడెన్సీ పద్ధతిలో సాగే స్నాతకోత్తర చదువు. ఎక్కువ కాలం ఐసీయూలోనే గడుస్తుంది. రోగిని పరీక్షించడం, రక్త పరీక్షల ఫలితాలను విశ్లేషించడం, ప్రోటోకాల్ ప్రకారం నిర్ణయాలు తీసుకోవడం నేర్పుతారు. మంచం పక్కనే ఉండి ఎదగడానికి ఇంతకంటే దగ్గరి సమాధానం మన దేశంలో లేదు. కాకపోతే డిగ్రీ తరువాతే ఇందులో చేరగలరు. చదువు వచ్చినంత వేగంగా దానికి తగిన పదవులు ఆస్పత్రుల్లో రాలేదు కనుక, ఈ కోర్సు చదివి మళ్లీ స్టాఫ్ నర్సు జీతానికే చేరినవారిని కూడా నేను చూశాను. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 1947 నాటి పాత చట్టం స్థానంలో రావడానికే చేసినది. ఆ కొత్త వ్యవస్థ ముందుగా చేయవలసిన పని ఇలాంటి చదువులకు తగిన పదవులు, అధికారాలు స్పష్టంగా రాయించడమేనని నా గట్టి నమ్మకం.

చేతులకడుగు:

సిస్టర్, మీరు ఉన్న ఆస్పత్రిలోనే ఒక దారి ఉంది. నేను జీఎన్‌ఎం చదివి, ఐసీయూలో ఎనిమిదేళ్లు చేసి, ఇప్పుడు విజయవాడలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా ఉన్నాను. ఆస్పత్రి నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలనుకునే ఆస్పత్రి ఈ పనికి ప్రత్యేకంగా ఒక నర్సును కేటాయించక తప్పదు. మీ ఆస్పత్రికి ఆ గుర్తింపు ఉంటే ఆ కుర్చీలో ఎవరున్నారో, రెండోవారు కావాలేమో కనుక్కోండి.

నైట్‌డ్యూటీ_బ్రదర్:

క్షమించండి మేడమ్, అది కూడా కాగితాల పనే కదా? ఆడిట్ రోజు ఫైళ్లు సర్దడం తప్ప ఆ విభాగంలో నేను మరేమీ చూడలేదు. అక్క అడిగింది రోగి దగ్గర ఉండే పని.

చేతులకడుగు:

బ్రదర్, మీరు చూసినది నిజమే కావచ్చు. ఆ పనిని అలా చేసే చోట్లూ ఉన్నాయి. నా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, తరువాత మీరే నిర్ణయించండి.

పొద్దున ఎనిమిదిన్నరకు ఐసీయూలోకి వెళ్లి, వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగి దగ్గరా ఆగుతాను. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా, కఫ్ ప్రెషర్ (శ్వాసగొట్టం చుట్టూ ఉండే గాలి బుడగలో ఒత్తిడి) 20కీ 30కీ మధ్య ఉందా, నోటి శుభ్రత జరిగిందా, మత్తు మందు ఆపి చూశారా అని చూస్తాను. మూత్రపు సంచి నేలకు తగులుతుంటే అప్పుడే సరిచేస్తాను. ఈ రోగికి కాథెటర్ (మూత్రపు గొట్టం) ఇంకా అవసరమా అని డాక్టరు గారిని రోజూ అడుగుతాను. మొదట్లో విసుక్కున్న ఒక సీనియర్ సర్జన్, ఇప్పుడు రౌండ్స్‌లో నన్ను చూడగానే తానే ఆ ప్రశ్న వేసుకుంటారు. ఎన్ని కాథెటర్ రోజులకు ఎన్ని ఇన్‌ఫెక్షన్లు వచ్చాయో ప్రతి వెయ్యి రోజులకు లెక్కకట్టి, ఆ సంఖ్యను నెలనెలా యూనిట్ గోడ మీద అంటిస్తాను. ఆ కాగితం వెనుక జ్వరం రాకుండా ఇంటికి వెళ్లిన మనుషులున్నారు.

ఈ పనికి ఐసీయూ కళ్లు కావాలి. కంటిపాపలో తేడాను మూడు గంటల రాత్రి పట్టుకున్న మనిషికి, పెద్ద రక్తనాళంలో పెట్టిన సెంట్రల్ లైన్ చుట్టూ డ్రెస్సింగ్ అంచు లేచి ఉండటం కనిపించకుండా ఉంటుందా? జీతం నాకు ఒక్కసారిగా పెరగలేదు, మూడేళ్లలో పెరిగింది. నైట్ డ్యూటీలు మాత్రం మొదటి నెల నుంచే పోయాయి. పిల్లలున్న తల్లికి అది చిన్న విషయం కాదు.

నైట్‌డ్యూటీ_బ్రదర్:

నాకు తెలియని సంగతులు చెప్పారు మేడమ్. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రైన్‌తీరం:

అక్కా, నేను కడప జిల్లా నుంచి వచ్చి జర్మనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. నాది కూడా జీఎన్‌ఎం. ఇక్కడికి రావాలంటే జర్మన్ భాషలో సాధారణంగా బీ2 (ధారాళంగా మాట్లాడగలిగే) స్థాయి కావాలి. పూర్తి సమయం పెట్టి చదివినా నాకు పదకొండు నెలలు పట్టింది. డ్యూటీ చేస్తూ అయితే అంతకంటే ఎక్కువే అనుకోండి. వచ్చిన తరువాత మన చదువును వారి చదువుతో పోల్చి, తక్కువైన అంశాలకు శిక్షణ గాని పరీక్ష గాని పెడతారు. అది పూర్తయి గుర్తింపు పత్రం చేతికి వచ్చే వరకు సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతమే. ఏజెంట్లు ఈ మధ్యకాలం గురించి చెప్పరు.

ఇంకొక విషయం ముందే తెలియాలి. ఇక్కడ రోగికి స్నానం చేయించడం, పళ్లు తోమించడం, తినిపించడం, మంచం మార్చడం అన్నీ నర్సు పనే. మన దగ్గర ఆయాలో, రోగి బంధువులో చేసే పనులవి. మొదటి వారం ఒక తొంభై ఏళ్ల అవ్వ వీపు తుడుస్తూ, ఐసీయూలో వెంటిలేటర్లు నడిపినదాన్ని ఇక్కడ ఇదా నా పని అని ఏడ్చాను. మా యూనిట్ పెద్దావిడ నా పక్కన నిలబడి, అవ్వ తుంటి ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రమచ్చను వేలితో నొక్కి చూపింది. నొక్కినా ఎరుపు పోలేదు. పుండుకు అది మొదటి గుర్తు. స్నానం చేయించే వేళే నర్సు రోగి ఒళ్లంతా చూడగలిగే వేళ అని అప్పుడు నాకు అర్థమైంది.

మీరు అడిగిన మంచం పక్కని మెట్లు మాత్రం ఇక్కడ నిజంగా ఉన్నాయి. ఉద్యోగం చేస్తూనే రెండేళ్లు ఇంటెన్సివ్ కేర్, అనస్థీషియా నర్సింగ్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకోవచ్చు. దానికి జీతంలో మెట్టు మారుతుంది, పని రోగి దగ్గరే ఉంటుంది. 300 గంటల శిక్షణతో కొత్తవారికి వార్డులోనే నేర్పే నర్సు కావచ్చు. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. మీ ఇన్‌చార్జి అమ్మాయికి మీరు నేర్పిన పనికి ఇక్కడ ఒక పేరు, ఒక సర్టిఫికెట్ ఉన్నాయి.

ఒక హెచ్చరిక. నేను మొదట ఒక ఏజెంటుకు రెండున్నర లక్షలు ఇచ్చి పోగొట్టుకున్నాను. మా అమ్మ గాజులు అమ్మిన డబ్బు అది. విదేశీ ఉద్యోగాలకు లైసెన్సు ఉన్న ఏజెంటు అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని మన దేశపు నిబంధనే ఉందని నాకు అప్పుడు తెలియదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ ఉద్యోగాలకు శిక్షణ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ ఉంది. సౌదీ, కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలన్న నిబంధన 2015లో వచ్చింది. ఏ దేశానికైనా సరే, పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి.

నిర్వాహకులు:

ఈ చర్చలో ఏజెన్సీల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. దయచేసి అనుభవాలు, నిబంధనలు మాత్రమే రాయవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

పల్లెక్లినిక్:

నేను బీఎస్సీ తరువాత ప్రకాశం జిల్లాలో ఒక పల్లె క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలిగా) పనిచేస్తున్నాను. బీపీ, షుగరు రోగులను నెలనెలా చూడటం, గర్భిణుల పరీక్షలు, అవసరమైతే ఈ-సంజీవని అనే ఆన్‌లైన్ వైద్య సేవలో డాక్టరు గారితో మాట్లాడించి మందులు ఇవ్వడం మా పని. ఊళ్లో నన్ను చిన్న డాక్టరమ్మ అని పిలుస్తారు. పనిలో స్వతంత్రం ఉంది, గౌరవం ఉంది. అయితే ఇది కాంట్రాక్టు ఉద్యోగం. పైన మెట్లు లేవు, ప్రోత్సాహకం ఒక్కొక్కసారి ఆలస్యంగా వస్తుంది. డిగ్రీ లేకుండా ఇందులోకి రాలేరు. ఎదుగుదల కోసం అయితే ఇది దారి అని నేను చెప్పలేను, సొంత జిల్లాలో ఉండాలనుకుంటే మాత్రం ఆలోచించవచ్చు.

కాన్పుగది:

చెల్లీ, నేను తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్సును. మిడ్‌వైఫరీ శిక్షణ పొందాను. మా రాష్ట్రంలో 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో ఈ పద్దెనిమిది నెలల శిక్షణ మొదలైంది. నీది న్యూరో ఐసీయూ కనుక నీకు ఇది నేరుగా పనికిరాకపోవచ్చు. అయినా ఇది చదువుతున్న లేబర్ రూము సిస్టర్ల కోసం రాస్తున్నాను.

తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి వంద కాన్పుల్లో 60.7 సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4. ఈ పరిస్థితిలో సహజ కాన్పు తెలిసిన నర్సు విలువ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. శిక్షణకు ముందు పన్నెండేళ్లు కాన్పులు చేసిన నాకు కొత్తగా నేర్పేది ఏముంటుంది అనుకున్నాను. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకి కట్టి, గట్టిగా ముక్కమని అరవడమే నాకు తెలిసిన కాన్పు. శిక్షణలో తొలిచూలు అమ్మాయి ఒకామె, గర్భసంచి ముఖద్వారం ఆరు సెంటీమీటర్లు తెరుచుకున్నాక, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని అటూ ఇటూ ఊగుతూ నొప్పులు పడుతుంటే, మా శిక్షకురాలు ఆమె నడుము నిమురుతూ రెండు గంటలు ఒక్క ఆదేశమూ ఇవ్వకుండా కూర్చుంది. ఆ అమ్మాయి తల్లి పక్కనే ఉంది. చివరికి ఆ తొలిచూలు అమ్మాయి మోకాళ్ల మీద వాలి బిడ్డను కన్నది. కత్తెర తీయలేదు, కుట్టు పడలేదు. నా చేతుల మీదుగా అంతకుముందు ఎంతమందికి అవసరం లేకుండా కోత పెట్టానో తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ప్రమాదం లేని కాన్పులను మొదటినుంచి చివరిదాకా మేమే చూస్తాం, తేడా కనిపిస్తే డాక్టరు గారిని పిలుస్తాం. నా స్కేలు మారలేదు. కానీ పని మారింది, ఆ పనిలో నా మాటకు బరువు వచ్చింది. దానికి తగిన కేడరు, జీతం కూడా రావాలని మేము అడుగుతూనే ఉన్నాం, అడుగుతూనే ఉంటాం.

కర్నూలు_మేడమ్:

కాన్పుగది తల్లీ, నీ మాట చదివి నా కళ్లు చెమ్మగిల్లాయి. నేనూ ఆ అరుపులు అరిచినదాన్నే.

పల్నాటి_సిస్టర్‌కు జీతం సంగతి ఒకటి మరిచాను. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల గురించి సిఫార్సులు చేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో నర్సు జీతం అదే హోదాలోని ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలన్నది. 50 పడకల లోపు ఆస్పత్రుల్లో కూడా 20,000కు తగ్గకూడదన్నది. అమలు చేయించే బాధ్యత రాష్ట్రాలది కావడంతో అది అక్కడే నిలిచింది. నీ 24,000 ఈ లెక్కలో ఎక్కడుందో చూసుకో. ఒంటరిగా వెళ్లి అడగమని నేను చెప్పను, నర్సుల సంఘంలో సభ్యత్వం తీసుకుని నలుగురితో కలిసి అడగమంటాను.

పల్నాటి_సిస్టర్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారం రోజులుగా డ్యూటీ దిగి వచ్చాక ఈ జవాబులే చదువుతున్నాను. మా ఆయనకు కూడా చదివి వినిపించాను. బంతి మీద కూర్చున్న ఆ అమ్మాయి సంగతి విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

రెండేళ్లు జీతం లేకుండా పోస్ట్ బేసిక్ చదవడం ఇప్పటికిప్పుడు మా ఇంటికి సాధ్యం కాదు. చిన్నదాన్ని వచ్చే ఏడాది బడిలో వేయాలి. అందుకని ఈ రెండేళ్లలో నార్‌సెట్‌కూ, రాష్ట్ర నోటిఫికేషన్లకూ దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాను. మేము బీసీలమే, అయినా వయసు గడువు ముందు ముగిసేది నార్‌సెట్‌కే కనుక మొదట దాని మీదే కూర్చుంటాను. ప్రభుత్వ ఉద్యోగం వస్తే శాఖ అనుమతితో పోస్ట్ బేసిక్ చదవవచ్చని మేడమ్ గారు నాకు విడిగా రాశారు, ఆ మాట పట్టుకున్నాను. మా ఆస్పత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్ వచ్చే నెల ప్రసూతి సెలవులో వెళ్తున్నారని తెలిసింది. ఆ ఆరు నెలలూ ఆ పని నాకు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

ఒక ప్రశ్న మిగిలింది. హెచ్‌ఆర్ వారు ఇచ్చిన అనుభవ పత్రంలో 'స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు' అని ఒక్క వాక్యమే ఉంది. చేరిన తేదీ తప్ప యూనిట్ పేరు గాని, పడకల సంఖ్య గాని లేవు. ఇది చాలుతుందా?

తరగతిగది:

చాలదు. చేరిన తేదీ, ఇప్పటికీ పనిచేస్తున్నట్టు తేదీతో సహా, హోదా, న్యూరో ఐసీయూలో ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఆస్పత్రి పడకల సంఖ్య, వారి రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం చేసినవారి పేరు, హోదా, ముద్ర, ఇవన్నీ ఉండేలా కొత్తది అడగండి. మీరే ఒక నమూనా టైపు చేయించి తీసుకువెళ్తే వారికి పని తేలికవుతుంది, కాదనడానికి కారణం ఉండదు. నమూనా ఇక్కడ పెడతాను, అందరికీ పనికొస్తుంది. దానితో పాటు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ తేదీ కూడా ఈరోజే చూసుకోండి. ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య లెక్క చూపవలసి ఉంటుంది కనుక, ఆస్పత్రిలో హాజరైన ప్రతి తరగతికీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

చేతులకడుగు:

సిస్టర్, ఆరు నెలల పనికి కూడా అనుభవ పత్రం విడిగా తీసుకోండి. జవాబు రాగానే ఇక్కడ రాయండి. మొదటి వారం ఏయే రిజిస్టర్లు చూడాలో, ఏ బెడ్ దగ్గర ముందు ఆగాలో నేను చెబుతాను.

పల్నాటి_సిస్టర్:

సరే మేడమ్. ఈ రాత్రి డ్యూటీకి వెళ్తున్నాను. నా ఐదుగురు వెంటిలేటర్ రోగుల కఫ్ ప్రెషర్లు ఈరోజు నుంచే రాసి పెడతాను.